నూట పదహారు టెస్టు: బాదేపల్లి నుంచి ఒక పుల్ రిక్వెస్ట్ డైరీ

జనవరి 6

మహబూబ్‌నగర్ జిల్లా బాదేపల్లి మార్కెట్లోని మామ కమీషన్ దుకాణంలో తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలు, చేతిరాత నుంచి కంప్యూటర్‌కు మారి రెండు నెలలైంది. ప్రోగ్రాం నేనే రాశాను, పైథాన్‌లో. బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడు) ఖర్చులు పోను రైతుకు వచ్చేదెంతో అంకెల్లోనూ అక్షరాల్లోనూ ప్రింటవుతుంది. అక్షరాల కోసం నేను కష్టపడలేదు. అంకెల్ని మాటలుగా మార్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి, అంటే ఎవరైనా వాడుకోగల సిద్ధమైన కోడ్, దొరికింది, అందులో చాలా భాషలున్నాయి, తెలుగూ ఉంది. తెచ్చి పెట్టేశాను.

ఇవాళ పల్లికాయ తెచ్చిన ఒక పెద్దాయన పట్టీని మనవడితో చదివించుకున్నాడు. మొత్తం 1,14,205. దాని కింద అక్షరాల్లో "ఒకటి లక్ష పద్నాలుగు వేలు రెండు వందలు ఐదు రూపాయలు" అని వచ్చింది.

"ఏంది బిడ్డా, గిట్ల ఎవరన్న మాట్లాడుతరా? లెక్క సరింగనే ఉన్నదా మరి?"

లెక్క సరిగ్గానే ఉంది. కానీ మాట తేడాగా ఉంటే లెక్క మీద కూడా అనుమానం వస్తుంది, అందులో ఆయన తప్పేం లేదు. గుమాస్తా తాత పెన్ను తీసి ప్రింటు మీద కొట్టేసి చేత్తో రాసిచ్చాడు: "అక్షరాలా ఒక లక్షా పద్నాలుగు వేల రెండు వందల ఐదు రూపాయలు మాత్రమే". నలభై ఏళ్లుగా రాస్తున్న చెయ్యి. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

నా ప్రోగ్రాంలోనే నాలుగు రీప్లేస్ లైన్లు పెట్టి ఈ రాత్రికి తప్పించుకోవచ్చు. పెట్టాను కూడా, రేపు మార్కెట్ ఉంది కదా. కానీ అసలు తప్పు లైబ్రరీలో ఉంది, అక్కడే సరిచేయాలని ఉంది. ఉద్యోగాల వేటలో చూపించుకోవడానికి పనికొస్తుందన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు. లైబ్రరీ పేరు మాత్రం ఇక్కడ రాయను. జీతం లేకుండా దాన్ని నడుపుతున్నవాళ్ల మీద ఫిర్యాదులా ఉండకూడదు.

జనవరి 7

కోడ్ ముట్టుకోలేదు. చదవడమే సరిపోయింది.

రిపోలో, అంటే లైబ్రరీ కోడ్ అంతా ఉండే చోట, కంట్రిబ్యూటింగ్ అని ఒక ఫైలుంది. ముందు ఇష్యూ (తప్పేంటో చెప్పే నోటు) రాయండి, ఒక పుల్ రిక్వెస్ట్‌లో (నా మార్పును కలుపుకోండి అని పంపే విన్నపం) ఒకే మార్పు పెట్టండి, టెస్టు (కోడ్ సరైన జవాబిస్తుందో చూసే చిన్న తనిఖీ) లేని కోడ్ తీసుకోం, ఏఐతో రాయించి మీకే అర్థం కాని కోడ్ పంపకండి అని ఉంది. చివరి వాక్యం కొంచెం కోపంగానే ఉంది. వాళ్ల బాధ వాళ్లది. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో, ఆ టీషర్టుల కోసం జనం పనికిరాని పుల్ రిక్వెస్ట్‌లు ఎంతగా గుమ్మరించారంటే, ఇష్టపడి చేరిన రిపోలనే లెక్కలోకి తీసుకునేలా నిర్వాహకులు నిబంధనే మార్చాల్సి వచ్చింది.

లైసెన్స్ ఎల్‌జీపీఎల్. అంటే మామ దుకాణం ప్రోగ్రాంలో దీన్ని వాడుకోవచ్చు, ఆ ప్రోగ్రాంను బయటపెట్టక్కర్లేదు. లైబ్రరీనే మార్చి ఇంకొకరికి ఇస్తే మాత్రం ఆ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి. నేను పంపేదీ ఇదే లైసెన్స్ కిందికి వెళ్తుంది. నాకేం అభ్యంతరం లేదు.

తర్వాత పాత ఇష్యూల్లో "తెలుగు" అని వెతికాను. ఈ పని మొదట చేయడం మంచిదైంది. రెండేళ్ల కింద ఎవరో ఇదే తప్పు పట్టుకుని పుల్ రిక్వెస్ట్ కూడా పంపారు. ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా మాటల్లో అక్షర దోషాలు దిద్దారు, వందల దగ్గర ఆగిపోయారు. మెయింటెయినర్, అంటే లైబ్రరీని నడిపే మనిషి, టెస్టులు అడిగితే జవాబు లేదు, కొన్నాళ్లకు మూసేశారు. ఆ మనిషి చేసిన సగం పని బాగుంది. దాన్ని నా పేరుతో మళ్లీ రాస్తే దొంగతనమే అవుతుంది.

జనవరి 9

ఫోర్క్ చేశాను, అంటే రిపో మొత్తాన్ని నా ఖాతాలోకి నకలు తీసుకున్నాను. దాన్ని దుకాణం కంప్యూటర్లోకి క్లోన్ చేసి, నా మార్పుల కోసం విడి పాయలా కొత్త బ్రాంచ్ తీశాను. కిందటిసారి ఇంకో ప్రాజెక్టులో మెయిన్ బ్రాంచ్ మీదే పని చేసి, అసలు రిపో ముందుకు వెళ్లిపోయాక రెండు రోజులు చిక్కు విప్పుకున్న అనుభవం ఉంది.

మామ వెనక నిలబడి చూస్తున్నాడు. "గిట్ అంటే ఏంది?" అన్నాడు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పుస్తకం రాసినట్టు రాసి పెడుతుంది మామా, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఆయన లినక్స్ పని కోసం చేశాడు అని చెప్పాను. "అంటే చిట్టా పుస్తకం. కొట్టేయరాదు, దిద్దితే పక్కన మళ్ల రాయాలె. గిట్ల చేసిన, గిట్లయింది అని రాసుకునేదానికి గిట్ అని మంచిగనే పేరు పెట్టిండు." టోర్వాల్డ్స్‌కు ఈ వ్యుత్పత్తి తెలిసి ఉండదు.

ఏదీ మార్చకముందే ఉన్న టెస్టులన్నీ నడిపాను. అన్నీ పాస్. అదే కదా సమస్య! తెలుగు టెస్టు ఫైలు తెరిచి చూస్తే 205కు రావాల్సిన జవాబుగా "రెండు వందలు ఐదు" అనే రాసి ఉంది. తప్పుకే కాపలా పెట్టారు. అంటే నేను కోడ్‌తో పాటు టెస్టులను కూడా మార్చాలి. టెస్టును మార్చి మరీ పాస్ చేయించేవాళ్లను ఏ మెయింటెయినరూ నమ్మడు. నమ్మించాల్సిన బాధ్యత నా మీద పడింది.

ఇష్యూ రాశాను. ఏం ఇస్తే ఏం వస్తోంది, ఏం రావాలి, ఎందుకు అన్న నాలుగు ముక్కలే. సలహాలేం ఇవ్వలేదు.

జనవరి 10

మార్కెట్ లేదు. గుమాస్తా తాత ముందు కూర్చుని సంఖ్యలు చెప్పించుకున్నాను. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషే, కానీ నియమమేంటో నేనెప్పుడూ ఆలోచించలేదు.

వంద ఒంటరిగా ఉంటే "వంద". దాని వెనక ఇంకేమైనా ఉంటే "నూట": నూట ఒకటి, నూట పదహారు. రెండు నుంచి పైకి ఒంటరిగా ఉంటే "వందలు", వెనక ఏదైనా వస్తే "వందల". ఇలా ఒక్కో స్థానానికి నాలుగు రూపాలు:

వంద, నూట, వందలు, వందల.
వెయ్యి, వెయ్యి, వేలు, వేల.
లక్ష, లక్షా, లక్షలు, లక్షల.
కోటి, కోటీ, కోట్లు, కోట్ల.

నాలుగు నాలుగులు పదహారు. వెయ్యి రెండు చోట్లా ఒకటేగా ఉంది, అయినా గడి ఖాళీ పెట్టకూడదు. ఇంగ్లిష్‌లో హండ్రెడ్ ఎక్కడున్నా హండ్రెడే. పాత కోడ్ రాసినవాళ్లు ఆ అచ్చులోనే తెలుగు మాటలు పోశారు. "వెనక ఇంకేమైనా ఉందా" అన్న ప్రశ్న ఆ కోడ్‌లో ఎక్కడా లేదు. నేను చేర్చాల్సింది ఆ ఒక్క ప్రశ్నే.

"ముందుగాల పదకొండు వందల పదహారు అడుగు నీ మిషన్‌ను" అన్నాడు తాత. అడిగాను. "ఒకటి వెయ్యి ఒకటి వంద పదహారు" అంది. తాత ఎంత నవ్వాడంటే దగ్గు వచ్చింది. "గిది కట్నం చదివితే అయ్యగారు దీవెన ఎన్కకు తీసుకుంటడు" అన్నాడు. నా టెస్టు ఫైల్లో మొదటి లైను ఖాయమైంది: 1116, వెయ్యి నూట పదహారు. రెండోది 116.

మాటల్లో తాత ఇంకోటి చెప్పాడు. పట్టీ మీద ముందు "అక్షరాలా", చివర "మాత్రమే" రాసేది అందానికి కాదట. అటూ ఇటూ ఖాళీ లేకుండా మూసేస్తే ఎవరూ ఇంకో మాట ఇరికించలేరు.

జనవరి 17

పండగకు నాలుగు రోజులు పోయాయి. అరిసెలు, నిద్ర.

పాత పుల్ రిక్వెస్ట్ మనిషి కమిట్‌ను, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పును, చెర్రీ-పిక్‌తో (దాన్నొక్కదాన్నే ఎంచి) నా బ్రాంచ్‌లోకి తెచ్చుకున్నాను. అలా చేస్తే రచయితగా ఆ మనిషి పేరే నిలుస్తుంది. దాని మీద నా మార్పు కూర్చోబెట్టాను. కోడ్ ముప్పై ఎనిమిది లైన్లు.

టెస్టు ఫెయిల్. రావాల్సింది "ముప్పై", వచ్చింది "ముప్పై". పైన ఒకటి, కింద ఒకటి, అచ్చు ఒకేలా ఉన్నాయి! గంటన్నర నాకు పిచ్చెక్కింది. చివరికి పొడవులు కొలిస్తే ఒకటి ఆరు, ఇంకోటి ఏడు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ కోసం నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఐత్వం గుర్తు రెండు రకాలుగా రాయొచ్చు. 0సీ48 అనే ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం 0సీ46, దాని కింద 0సీ56 అనే ఐత్వ చిహ్నం కలిపి రెండుగా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేరు. పాత కమిట్‌లో ఇరవై, ముప్పై, నలభై, యాభై అన్నీ రెండు ముక్కలుగా ఉన్నాయి. ఏ కీబోర్డు చేసిన పనో. ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ముక్కల్ని ఒకే గుర్తుగా కలిపే రూపంలోకి, మార్చేస్తే రెండూ ఒకటైపోతాయి. దాన్ని విడిగా ఒక చిన్న కమిట్ చేసి, కారణం మెసేజ్‌లో రాశాను. రేపు చదివే మనిషికి ఈ మార్పులో తేడా ఏదీ కంటికి కనబడదు కాబట్టి మెసేజే దిక్కు.

జనవరి 19

పుష్ చేసి, అంటే నా బ్రాంచ్‌ను ఆన్‌లైన్ ఫోర్క్‌కు పంపి, పుల్ రిక్వెస్ట్ తెరిచాను. తెరవగానే గుండె ఆగినంత పనైంది. ముప్పై ఎనిమిది లైన్ల మార్పు ఆరు వందల నలభై లైన్లుగా కనబడుతోంది. దుకాణం కంప్యూటర్ విండోస్. నా ఎడిటర్ ఫైలు మొత్తానికి లైను ముగింపు గుర్తులను విండోస్ పద్ధతైన సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మార్చి సేవ్ చేసింది. గిట్ లెక్కలో ప్రతి లైనూ కొత్తదే. ఎవరూ చూడకముందే లినక్స్ పద్ధతైన ఎల్‌ఎఫ్‌కు మార్చి మళ్లీ పంపాను. అసలైతే పుష్ చేసే ముందే డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపేది) చూసుకోవాలి. చూసుకోలేదు, టీ తాగుతున్నాను.

వెంటనే ఆటోమేటిక్ తనిఖీలో ఇంకో ఎర్ర గుర్తు: లైను 79 అక్షరాలు దాటింది. తెర మీద చూస్తే యాభై కూడా లేవు. ఇది తెలుగు లాంటి లిపులకు వచ్చే కష్టం. "లక్షా" మనకు రెండక్షరాలు. కంప్యూటర్‌కు ల, క, పొల్లు, ష, దీర్ఘం, మొత్తం ఐదు. లైను విరిచాను. పచ్చ గుర్తు వచ్చింది.

జనవరి 30

పదకొండు రోజులుగా ఏ చప్పుడూ లేదు. అమ్మ రోజూ అడుగుతోంది, "వాళ్లేమన్న చెప్పిన్రా?" అని. పిల్లను చూసిపోయిన వాళ్ల కబురు కోసం చూసినట్టే ఉంది ఇంట్లో.

అవతల మనిషి ఉద్యోగం చేసుకుని, ఇల్లు చూసుకుని, మిగిలిన టైంలో ఇది చూస్తాడని నాకు తెలుసు. ఒక్క వాక్యం రాశాను: తనిఖీలన్నీ పాసయ్యాయి, నా వైపు నుంచి ఇంకేమైనా కావాలంటే చెప్పండి.

జనవరి 31

జవాబు వచ్చింది, మర్యాదగానే. సారాంశం ఇది: కోడ్ బాగుంది. కానీ నాకు తెలుగు రాదు. ఉన్న టెస్టులు మార్చారు. ఇది సరైనదని నేనెలా తెలుసుకోవాలి?

న్యాయమైన ప్రశ్న. తెలుగు రాని మనిషి కూడా సరిచూసుకునేలా ఒక పట్టిక పెట్టాను. సంఖ్య, పాత జవాబు, కొత్త జవాబు, పదహారు గడుల్లో ఏ గడి వర్తించింది. భాష రాకపోయినా ఆకారాలు పోల్చి చూడొచ్చు. ఇంకో ఇద్దరు తెలుగువాళ్లను చూడమని అడిగాను. ఒకరు నా డిగ్రీ స్నేహితురాలు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంకొకరు పాత ఇష్యూలో వ్యాఖ్య రాసిన గుంటూరు వైపు మనిషి, ముఖ పరిచయం కూడా లేదు.

ఫిబ్రవరి 4

గుంటూరాయన బాగా పట్టుకున్నారు. "మేం ఏభై అంటాం, మీరు యాభై పెట్టారు. ఐదా, అయిదా?" అని మొదలుపెట్టారు. రెండు గంటలు సాగింది. మెయింటెయినర్ పాపం మధ్యలో ఒక నమస్కారం బొమ్మ పెట్టి వెళ్లిపోయాడు. చివరికి ఇద్దరం ఒప్పుకున్నది: రెండూ సరైనవే, లైబ్రరీలో ముందు నుంచి ఉన్నది "యాభై", "ఐదు", వాటిని ఈ పుల్ రిక్వెస్ట్‌లో కదపక్కర్లేదు. ఒకసారి కదిపితే నలభై టెస్టులు మారతాయి, అసలు విషయం వాటి కింద పూడిపోతుంది.

స్నేహితురాలు వేరే కోణంలో చూసింది. 1947 ఇస్తే "వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు" అంటోంది, సంవత్సరమైతే మనం "పంతొమ్మిది వందల నలభై ఏడు" అంటాం కదా అని. నిజమే. కానీ సంవత్సరాలకు లైబ్రరీలో వేరే పద్ధతి ఉంది, తెలుగుకు అది ఇంకా ఎవరూ రాయలేదు. దానికి విడిగా ఇష్యూ తెరిచి వదిలేశాను. ఎవరైనా తీసుకుంటారు. లేదంటే నేనే.

ఫిబ్రవరి 8

అంతా అయిపోయిందనుకున్న రోజు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కింద పరిచిన పాత పేపర్లో రాష్ట్ర బడ్జెట్ వార్త ఉంది, 2024-25ది: 2,91,159 కోట్లు. మామ తింటూ తింటూ పైకి చదివాడు, "రెండు లక్షల తొంభై ఒక్క వేల నూట యాభై తొమ్మిది కోట్లు" అని. నేను అన్నం చేత్తోనే ఆగిపోయాను. తొంభై ఒక్క వేల! నా కోడ్ "తొంభై ఒకటి వేల" అంటుంది. పోయి చూస్తే అదే అంది.

చివర ఒకటి ఉన్న సంఖ్య తర్వాత వేలో లక్షలో వస్తే "ఒకటి" కాస్తా "ఒక్క" అవుతుంది. పదహారు గడుల్లో ఎక్కడా లేని పదిహేడో విషయం. తాత చెప్పలేదు, గుంటూరాయన పట్టలేదు, నేను రాసిన టెస్టుల్లో ఇరవై ఒక్క వేలు లాంటిది ఒక్కటీ లేదు. మనం సరిగ్గా మాట్లాడతాం కాబట్టి ఆ తప్పు మన నోటికి తోచదు.

అనుమానమొచ్చి ఇంకోటి ఇచ్చాను, సరిగ్గా మూడు లక్షల కోట్లు. "మూడు లక్షలు కోట్లు" అంది. ఇదీ తప్పే. కోట్ల ముందు సంఖ్య కోసం ఫంక్షన్, అంటే మాటలుగా మార్చే ఆ కోడ్ ముక్క, తనను తానే పిలుచుకుంటుంది. అలా పిలిచేటప్పుడు "నీ వెనక కోట్లు ఉన్నాయి" అన్న సంగతి లోపలికి చెప్పడం మరిచిపోయాను.

రెండూ నేనే బయటపెట్టి రాశాను: ఆగండి, మెర్జ్ చేయకండి (అసలు రిపోలో కలపకండి), నా తప్పులు రెండు దొరికాయి, టెస్టులతో సహా పంపుతున్నాను. పంపాక మెయింటెయినర్ బొటనవేలు గుర్తు పెట్టాడు. జనవరి నుంచి ఆయన నాకు ఇచ్చిన మొదటి బొటనవేలు.

ఫిబ్రవరి 13

మన్యంకొండ జాతరకు పోయి వచ్చేసరికి రిపోలో వేరే భాష వాళ్ల మార్పు ఒకటి చేరి, నా బ్రాంచ్‌కు కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, అంటే రెండు మార్పులూ ఒకే చోట తగులుకున్నాయి. రీబేస్ చేశాను, నా మార్పుల్ని కొత్త కోడ్ మీదికి ఎక్కించాను. పావుగంట పని.

ఫిబ్రవరి 15

మెర్జ్ అయింది. రెండేళ్ల కిందటి ఆ మనిషి పేరు, కింద నా పేరు. ఆ మనిషికి ఒక వాక్యం రాశాను. మూడు గంటల్లో జవాబు, ఒక్క ముక్కే: "నేను మర్చిపోయాను దీన్ని".

మామకు చెప్తే "పైసలెన్ని వస్తయ్?" అన్నాడు. రావు అన్నాను. "మరి వాళ్లకు?" వాళ్లకూ రావు. కాసేపు ఆలోచించి, "మరి మనం మూడు నెలల సంది ఊకెనే వాడుకుంటున్నమా?" అన్నాడు. అవును.

ఫిబ్రవరి 24

కొత్త వెర్షన్ విడుదలైంది. దుకాణంలో ఎక్కించి, నా నాలుగు రీప్లేస్ లైన్లు తీసేశాను. మొదటి పట్టీ 86,340. "అక్షరాలా ఎనభై ఆరు వేల మూడు వందల నలభై రూపాయలు మాత్రమే". తీసుకున్న రైతు అక్షరాల వైపు చూడనే లేదు. మడిచి జేబులో పెట్టుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

పని ఇంకా ఉంది. సంఖ్య ఒంటరిగా ఉంటే "రెండు వందలు" సరే, కానీ పక్కన రూపాయలు వస్తే "రెండు వందల రూపాయలు" కావాలి. కోట్ల కోసం రాసిన సంగతే ఇక్కడా పనికొస్తుంది. దానికి రెండో బ్రాంచ్ తీశాను. సాయంత్రానికి ఆరు టెస్టులు రాస్తే ఐదు పాస్. ఆరోది 101. అమ్మ "నూటొక్క రూపాయి" అంటోంది. తాత "నూట ఒక్క రూపాయలు" అని రాయాలంటున్నాడు, వందకు పైన ఉన్నది ఒక్కటెట్లయితది అని. టెస్టులో రావాల్సిన జవాబు గడి ఖాళీగా ఉంది. ఇష్యూ తెరిచి ఇద్దరి వాదనా రాసి పెట్టాను, గుంటూరాయనను కూడా పిలిచాను.

అమ్మ, తాత ఇంకా ఒప్పుకోలేదు.